వంచిన నీళ్లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, సికింద్రాబాద్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలోనే నన్ను డయాలసిస్ విభాగానికి మార్చారు. హోదా సీనియర్ డైటీషియన్. అంతకుముందు ఇరవై ఏళ్లు నా పని బస్తీలు తిరిగి పండ్లు, కూరగాయలు తినండని చెప్పడం. ఇక్కడ అంతా తలకిందులు. పాడైన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. పండ్లలో, కూరగాయల్లో అందరికీ మేలు చేసే ఆ పదార్థమే ఈ రోగుల రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. అందుకని వాళ్లకు చాలా పండ్లు నిషేధం. కూరగాయలు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంచేసి వండాలి. తాగే నీళ్లకూ రోజుకింతని కొలత. ఇంతవరకే చెప్పి పంపేసేదాన్ని. కారణం చెప్పే ఓపిక నాకు లేదు, బయట క్యూ అలా ఉండేది.

బోయిగూడలో బట్టలు కుట్టే యూసుఫ్ గారికి మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్. ఒక సోమవారం పొద్దున కాళ్లు చచ్చుబడి కూలిపోతే ఆటోలో తెచ్చారు. ఈసీజీలో అలలు, పొటాషియం పెరిగినప్పటిలా, సూదుల్లా లేచి ఉన్నాయి. డ్యూటీ డాక్టర్ గుండెకు రక్షణగా కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే మెషీన్ పెట్టించాడు. కేస్ షీట్‌లో ‘ఆహార నియమాలు పాటించలేదు’ అని రాశాడు. అది చిన్న మాట కాదు. కిడ్నీ మార్పిడికి ఎవరి పేరు పంపాలో చూసే కమిటీ మొదట చదివేది దాన్నే. తన కిడ్నీ ఇవ్వడానికి ఆయన భార్య షమీమ్ పరీక్షలన్నీ చేయించుకుని ఎదురుచూస్తోంది.

పొటాషియం ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చమని డాక్టర్ నన్ను పంపాడు. తేలకపోతే మళ్లీ ఇలాగే వస్తుంది, అప్పుడు ఆసుపత్రి దాకా రాలేకపోవచ్చు అన్నాడు. రోగి తిన్నదీ తాగినదీ గ్లాసు కొలతతో సహా అడిగి ఫారంలో రాసుకోవడం మా పద్ధతి. షమీమ్ వరండాలో ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. లోపల మెషీన్ అలారం మోగినప్పుడల్లా లేచి నిలబడుతోంది. నాకు అప్పటికే కోపంగా ఉంది. చూడ్డానికొచ్చిన చుట్టాలెవరో అరటిపండ్లు తెచ్చి ఉంటారు, వీళ్లు మొహమాటానికి పోయి ఉంటారనుకున్నాను.

“ఒక్క పండు సుత ముట్టనియ్యలే మేడమ్. ఖజూర్ పండు సుత బంద్ చేసిన. కూరగాయలు మీరు చెప్పినట్లే ఉడకబెట్టి నీళ్లు వంచిన,” అంది.

మళ్లీ అడిగాను. అదే జవాబు. ఫారం మూయబోతూ ఫ్లాస్కులో ఏముందని అడిగాను.

“ఆ నీళ్లే మేడమ్. జెర మిరియాలేసి మరగబెట్టిన. మెషీన్ అయినంక తాపుదామని తెచ్చిన. నీరసపడి కమ్జోర్ అయిండని పది దినాల సంది రోజూ రెండు గ్లాసులు తాపుతున్న. తాగే నీళ్లు అంత తగ్గించిన, కొలత తప్పలే.”

పారబోయమన్నాను కదమ్మా అనబోయి ఆగాను. వంచమన్నానే గాని పారబోయమనలేదు.

“తాకత్ అంతా ఆ నీళ్లలనే ఉంటది, పారబోయొద్దని మా బస్తీ స్కూల్ల మీరే చెప్పిన్రు కదా,” అంది.

చెప్పాను. ఎన్ని స్కూళ్లలో చెప్పానో లెక్కే లేదు. ఆమె నా రెండు మాటలూ విన్నది, రెండూ పాటించింది. ఫ్లాస్కు తీసుకుని, కూరగాయల్లోని పొటాషియం అందులోకే దిగిందని అప్పుడు చెప్పాను.

“అయితే నేనే చంపబోయిన్నా మేడమ్?”

తప్పు నీది కాదమ్మా, నాది అన్నాను. అన్నంత తేలిగ్గా రాయలేకపోయాను. కేస్ షీట్ తెరిచి పెన్ను తీశాను. నేను ఊరుకుంటే డాక్టర్ రాసిన మాటే నిలుస్తుంది, నా ఉద్యోగానికి ఏ మచ్చా ఉండదు. సిగ్గేసింది. ఆ మాట కింద ‘రోగి కుటుంబం సూచనలు పాటించింది, సూచన అసంపూర్ణం’ అని రాసి సంతకం పెట్టాను.

నాలుగు గంటల తర్వాత యూసుఫ్ గారు కాళ్లు కదిపారు. నాకు మెమో వచ్చింది. కమిటీకి ఆయన పేరు వెళ్లింది.

కారణం చెప్పని సూచన సగం సూచనే అని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా వండిపెట్టే ప్రతి మనిషినీ, వంచిన నీళ్లు ఏం చేస్తున్నారని అడిగాను. చాలామంది షమీమ్ చెప్పిందే చెప్పారు.