పసుపు కింది శాపం

చైతన్యపురిలో మా గల్లీ మలుపు దగ్గర మోకాలెత్తు రాయి ఒకటి ఉండేది. నల్గొండ పల్లె నుంచి వచ్చి కిరాయి ఇంట్లో దిగిన మొదటి వారమే మా అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. అంతకుముందూ ఎవరెవరో పెట్టారు, తర్వాతా పెట్టారు. పసుపూ నూనే కలిసి గట్టిపడి రాయి ముఖమే కనిపించేది కాదు. అందరూ అమ్మవారనేవాళ్లు. వేలితో తడిమితే మాత్రం కింద ఏవో గాట్లు తగిలేవి.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో ఆ మలుపులో అపార్ట్‌మెంట్ లేచింది. కట్టేవాడు ఎక్కడినుంచో వచ్చినవాడు కాదు, సాక్షాత్తూ మా జిల్లావాడే. గేటుకు అడ్డమొస్తోందని రాయిని పీకేస్తానన్నాడు. "ఉత్త రాయే గదమ్మా, గుడి గాదు గదా!" అని అమ్మ మొహం మీదే అన్నాడు. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది. చరిత్ర ఉంటే చార్మినార్ దగ్గరే ఉండాలా? మా మలుపులో ఉండకూడదా?

రాతలున్నాయని తేలితే అంత తేలిగ్గా పీకలేడు. "జర గీకి చూద్దామా?" అని అడిగాను.

"అమ్మోరి మొఖం గీకుతవా? నా పానం పోయినా గీకనియ్య" అంది అమ్మ.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. గీకకుండా చూసే పద్ధతి ఒకటి చదివి ఉన్నాను. కెమెరాను కదలనివ్వకూడదు. టార్చిలైటు మాత్రం చుట్టూ తిప్పుతూ, ఒక్కో వైపు నుంచి వెలుగు వేసి ఫొటో తీయాలి. పక్కన నున్నటి ఇనుప గోలీ పెడితే, దాని మీది మెరుపును బట్టి వెలుగు ఎటునుంచి పడిందో కంప్యూటర్ కనిపెడుతుంది. తర్వాత రంగంతా తీసేసి ఎత్తుపల్లాలే చూపిస్తుంది.

మంచి కెమెరా ఉన్నది నాతో పనిచేసే గుంటూరు ఆవిడ దగ్గర. బంద్ రోజు పట్టుకొస్తానంది. "బస్సులు లేకపోతే ఏమైందండీ, నడిచొచ్చేస్తాను" అని నిజంగానే వచ్చింది. పట్టపగలు చీకటి కావాలి కాబట్టి రాయి మీద గొంగడి కప్పాం. ఇంతలో మా గల్లీ ఉద్యమ కమిటీ అన్న దిగాడు.

"ఫొటోలు తియ్యనీకి ఆంధ్రామె తప్ప ఎవ్వరు దొరకలేదా?"

"కెమెరా ఆమెది, రాయి మనది. నీకేం తక్లీఫన్నా?" అన్నాను.

"అన్నయ్యగారూ, ఆ గొంగడి కొస కాస్త పట్టుకోండి, వెలుతురొస్తోంది" అందావిడ గొంగడి కిందినుంచే. అన్న వంగి కొస పట్టుకున్నాడు.

కంప్యూటర్‌లో పసుపు మాయమై రాయి ఒక్కటే మిగిలింది. కింది వరసల్లో అక్షరాలు! పైవరసలు మాత్రం రాలిపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి మా ఆడవాళ్లంతా భక్తితో కొబ్బరికాయ కొట్టింది సరిగ్గా అక్కడే. పాత లిపి వచ్చిన ఒక మాస్టారికి ఫొటో పంపాను. అది దాన శాసనమనీ, ఇచ్చిందెవరో, ఏమిచ్చారో ఉండాల్సిన భాగం పోయిందనీ ఆయన చెప్పారు. మిగిలింది చివర్లో రాసే శాపం ఒక్కటే. ఈ ధర్మాన్ని చెరిపినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపం తగులుతుందట.

"పైన మనోళ్ల రాజు పేరు ఎక్కియ్యి. కంప్యూటర్ల నీకెంత పని? పేపర్ల ఒస్తది, రాయి నిలుస్తది" అన్నాడు కమిటీ అన్న.

మనసు లాగలేదంటే అబద్ధం. రాయిని పీకడానికి తెల్లారి పొద్దున్నే జేసీబీ రాబోతోంది. కానీ మనకు చరిత్రే లేదని ఎగతాళి చేసేవాళ్లకు దొంగ చరిత్ర చూపిస్తే గెలిచేది వాళ్లే. "లేని అక్షరం ఒక్కటి గూడ పెట్టనన్నా" అన్నాను.

"రాయి పోతే పాపం నీదే."

"నాదే కానీ."

ఫొటోను, కింద మామూలు తెలుగులో దాని అర్థాన్ని ఫ్లెక్సీ కొట్టించి రాయి పక్కన కట్టాను. పొద్దున జేసీబీ వచ్చింది. డ్రైవర్ దిగి చదివి, చెప్పులు విప్పి, "సార్, నేనైతే ముట్ట" అన్నాడు. అపార్ట్‌మెంట్ కట్టేవాడు నా మీద ఎగిరాడు.

"గవర్నమెంటోళ్లను పిలవలే, గూండాలను పిలవలే. అండ్ల ఉన్నదే రాసిన. మీకు ఉత్త రాయే గదా, మీ చేతులతోని మీరే పీకుండ్రి" అన్నాను.

ఆయన ఫ్లెక్సీ ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గేటునే అవతలి పక్కకు జరపమని మేస్త్రీని కేకేశాడు.

అమ్మ వచ్చి రాయి ముందు చతికిలబడింది.

"ఇన్నేండ్లు పసుపు పెడితే ఒక్క మాట మాట్లాడకపోతివి తల్లీ" అంది. "మాట్లాడక మాట్లాడక, మంచిగ తిట్టినవ్."