మొక్కుబడి వేరు, స్వేచ్ఛార్పణ వేరు

ఆ చలికాలం అమెరికాలో, హెర్న్‌డన్‌లోని మా తెలుగు చర్చిలో పెద్దల బైబిల్ స్టడీ నేను చెప్పాల్సి వచ్చింది. నాకు పడిన భాగం ఇశ్రాయేలీయుల బలుల నియమాలు. ఏ జంతువు తేవాలి, ఎవరు తినాలి, ఎన్నాళ్లలోపు తినెయ్యాలి. ఆఫీసులో నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగే కాబట్టి నియమాలంటే భయం లేదు. వింటున్నవాళ్లకి ఆవులింతలు రాకుండా చెప్పడమెలాగన్నదే దిగులు.

అప్పుడు మా నాన్న మా ఇంట్లోనే ఉన్నారు. ఆరు నెలలు ఉండి పోదామని భీమవరం నుంచి వచ్చిన మనిషికి నాలుగో నెలలో పక్షవాతం వచ్చింది. మాట దక్కింది. కర్ర సాయంతో కాలు మెల్లిగా దారికొస్తోంది. ఎడమచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టినచోటే ఉండిపోయేది. ఊళ్లో చర్చిలో ఏళ్లతరబడి డోలక్ వాయించిన చెయ్యి అది. పాస్టరుగారు ఇంటికొచ్చి, "ఒంటిచేత్తోనైనా ఒక్క పాటకి వాయించండి అంకుల్" అని బతిమాలారు.

నాన్న ఒప్పుకోలేదు. "అవిటిదాన్ని దేవుడికి అర్పించకూడదు బాబూ. అది బైబిల్లోని ధర్మశాస్త్రం."

లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. ఒకసారి కాదంటే కాదే.

వారం తర్వాత స్టడీకి నోట్సు రాసుకుంటుంటే ఒక నియమం కంటపడింది. కుర్చీలోంచి లేచిపోయాను.

"నాన్నా, దొరికింది! ఒక అవయవం పొడుగో పొట్టో ఉన్న ఎద్దునైనా గొర్రెనైనా స్వేచ్ఛార్పణగా ఇవ్వొచ్చట. మనంతట మనం ఇష్టపడి ఇచ్చేదానికి ఆ వంక అడ్డురాదట!"

నాన్న కళ్లజోడు పెట్టుకుని తనే చదివారు. తర్వాత పుస్తకం నా వైపు తిప్పారు.

"రెండో ముక్క వదిలేశావేం? మొక్కుబడికి మాత్రం అది చెల్లదని ఉంది." కళ్లజోడు తీసేశారు. "ఆసుపత్రిలో నేను మొక్కుకున్నానమ్మా."

నా ఉత్సాహం చల్లారిపోయింది. అయినా టెస్టింగ్ బుద్ధి ఊరుకోదుగా. "ఏమని మొక్కుకున్నారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"నన్ను లేపితే, నా కాళ్లమీద నేను నడిచొచ్చి నీ సన్నిధిలో నిలబడతానన్నాను."

"డోలక్ మాట?"

నాన్న ఆ మొక్కుని మనసులో మళ్లీ ఒకసారి అప్పజెప్పుకున్నారు. "లేదు. ఆ మాటే రాలేదు."

"అయితే మొక్కుబడి కాళ్లది. చెయ్యి స్వేచ్ఛార్పణ."

జబ్బుపడ్డాక నాన్న గట్టిగా నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక అన్నారు, "మొక్కుబడిలో ఏ వంకా ఉండకూడదు మరి. కర్ర కూడా వంకే."

మర్నాటి నుంచి ఆఫీసుకి వెళ్లేముందు నడక కోసం ఆయన్ని కార్లో మాల్‌కి తీసుకెళ్లేదాన్ని. బయటంతా మంచు. షాపులింకా తెరిచేవాళ్లు కారు. మొదటిరోజు కర్ర నాకిచ్చి, గోడ పట్టుకుని చెప్పులషాపు దాకా వెళ్లి బెంచీమీద కూలబడ్డారు. ఒకరోజు మెట్ల దగ్గర పడిపోయారు. సెక్యూరిటీ అతను పరిగెత్తుకొస్తే, "నో హెల్ప్, నో హెల్ప్" అంటూ తనే లేచారు. మోకాలు చీరుకుపోయినా ఆ రోజు నడక మానలేదు. ఫిబ్రవరి అయ్యేసరికి గోడ వదిలేశారు. మార్చిలో మాలంతా ఒక చుట్టు చుట్టొచ్చి, "ఈ ఆదివారం" అన్నారు.

ఆదివారం చర్చి గుమ్మంలో కర్ర నా చేతికిచ్చారు. వరసల మధ్య దారి అంత పొడుగుంటుందని నాకెప్పుడూ అనిపించలేదు. సగం దూరంలో ఆయన ఎడమకాలు కార్పెట్‌కి తట్టుకుంది. పట్టుకోవడానికి లేచిన ఒకాయన చొక్కా లాగి కూర్చోబెట్టాను. నాన్న నిలదొక్కుకున్నారు. స్టేజీకి మూడు మెట్లు. ఒక్కో మెట్టూ, ఒక్కో కాలూ. పైకెక్కి, తల వంచి, "చెల్లించాను ప్రభువా" అన్నారు. వెనక వరస దాకా వినబడింది.

అప్పుడు కుర్చీలో కూర్చుని డోలక్ ఒళ్లో పెట్టించుకున్నారు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. కుడిచెయ్యి ఒక్కటే పలుకుతుంటే మొదట్లో దరువు సగమే ఉన్నట్టనిపించింది. రెండో చరణానికి చర్చంతా చప్పట్లతో ఆ సగం నింపేసింది. ఆఖరి చరణంలో ఎడమచెయ్యి జానెడు లేచి డోలక్ మీద పడింది. ధుమ్! అరక్షణం ఆలస్యంగా, ఒకే ఒక్క దెబ్బ. "హల్లెలూయా" అని జనమంతా లేచి నిలబడ్డారు. నేను కర్ర పట్టుకునే గంతులేశానని తర్వాత మా అమ్మాయి చెప్పింది.

భోజనాల దగ్గర ఒక ఆంటీ నాన్నని ఆటపట్టించింది. "అన్నయ్యగారూ, ఎడమచేతిది ఒక్కటే వేశారేం?"

"వచ్చేవారం రెండు వేస్తానమ్మా" అన్నారు నాన్న, కోడికూర కలుపుకుంటూ.

రెండు కాదు, మూడు వేశారు.