ఒకే వడ్డీ కాగితానికి ఇద్దరి పర్మిషన్లు

ఈ రోజు మధ్యాహ్నం కోదాడలో మా బడికి పర్మిషన్ పెట్టి, సూర్యాపేటలో మాకు ఇంటి లోన్ ఇచ్చిన బ్యాంకుకు పరుగెత్తాను. జీతంలో పన్ను ఎంత కోయాలో తేల్చడానికి బడి ఆఫీసులో ఇంటి లోన్ వడ్డీ సర్టిఫికెట్ ఇవ్వాలి. రేపే ఆఖరు రోజు. తీరా చూస్తే కౌంటర్ ముందు మా ఆయన! మిర్యాలగూడ కాలేజీలో ఆయనా పర్మిషన్ పెట్టి వచ్చారట, అదే కాగితం కోసం.

“వడ్డీ మొత్తం నా పన్ను ఫారంలనే రాసిన. నీకెందుకు పరేషాన్ అని చెప్పలే,” అన్నారు.

“నేను గూడ మొత్తం నా దాంట్లనే రాసిన!” అన్నాను.

ఒకే వడ్డీని ఇద్దరం పూర్తిగా చూపిస్తే ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల నుంచి నోటీసు రాదా?

కౌంటర్‌లో మేడం నవ్వింది. “లోన్ ఇద్దరి పేరు మీదుంది గదా, చెరి సగం రాసుకోండ్రి. ఫారాలు ఇంకా పైకి పోలే గదా?”

పోలేదు. అక్కడే నిలబడి ఇద్దరం మా ఆఫీసుల్లోని గుమస్తాలకు ఫోన్ చేసి దిద్దించుకున్నాం. ప్రాణం లేచొచ్చింది.

చెరో ఊళ్లో ఉంటూ రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి ఏం కూరో చెప్పుకునే మేం, ఈ ఒక్క ముక్క చెప్పుకోలేదు. మీ ఇంట్లో లోన్ వడ్డీ ఎవరు రాశారో ఇప్పుడే కేకేసి అడగండి. పక్క గదిలోనే ఉంటారుగా!