చక్రాల మీది జిగురు

మూడు పీపాల నిండా ఉన్న ప్లాస్టిక్ చక్రాలను కడగడానికి ఆమెకు రెండు రోజులు, నాలుగు సీసాల బ్లీచింగ్ నీళ్ళు పట్టాయి. ఒక్కో చక్రం చొక్కా గుండీ అంత ఉంటుంది. ప్రతి దానికీ గోధుమరంగు జిగురు పట్టి ఉంది, లోపలి సందుల్లో కూడా. వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో గీకి, మూడేసి సార్లు జాడించి, ఫ్యాన్ల కింద ఆరబోసి, మళ్ళీ పీపాల్లో పోసి మూతలు పెట్టింది.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆమె ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ గది కడిగింది. అక్కడ అందరూ అద్దం అక్క అనేవాళ్ళు. ఆమె తుడిచిన నేల మీద ఈగ వాలినా జారి పడుతుందని హాస్యం. "మా అక్క ఇంటికి పిల్లి కూడా కాళ్ళు తుడుచుకునే రావాలి" అనేది చెల్లెలు. ఆసుపత్రిలో తుడిచే యంత్రాలు వచ్చాక ఆమెను ఇంటికి పంపారు. ఏడాదిన్నర ఖాళీగా కూర్చుంది. చివరికి చెల్లెలి మొగుడు, అంటే మరిది, తను పనిచేసే చేపల షెడ్డులో పెట్టించాడు.

అది ఒకప్పటి నూలు గోదాము. కిటికీలు లేవు. ఎనిమిది గుండ్రటి తొట్లలో తిలాపియా చేపలు, గోడ వెంట నిలువు గాజు గొట్టాల్లో ఆకుపచ్చ నాచు, నాలుగంతస్తుల అరల్లో మట్టి లేకుండా నీళ్ళలోకి వేళ్ళు దింపిన లెట్యూస్ ఆకుకూర మొక్కలు. అన్నిటికీ ఒకటే నీళ్ళు. చేపల తొట్ల నుంచి పీపాల్లోకి, అక్కడినుంచి మొక్కలకీ నాచుకీ, తిరిగి చేపలకీ. ఆ పీపాలను మరిది ఫిల్టరు అనేవాడు. ఫిల్టరంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఇంట్లో మంచినీళ్ళకి ఉండేదే. నెలకోసారి కడగకపోతే కంపు కొడుతుంది.

హోటళ్ళకు సరుకు కొనేవాళ్ళు సోమవారం చూడడానికి వస్తున్నారని, ఎక్కడా మరక కనపడకూడదని యజమాని చెప్పాడు. అప్పటికి రెండు విడతల చేపలు చచ్చిపోయి ఉన్నాయి. ఈ విడత కూడా పోతే షెడ్డుకు తాళమేనని ముందే అనేశాడు. తల్లికి కంటి ఆపరేషన్ ఉండి మరిది శని, ఆదివారాలు సెలవు పెట్టాడు. ఆమె ఒక్కో పీపాకూ నీళ్ళు కట్టేసి, పక్క పీపాలోకి మళ్ళించి, పని పూర్తిచేసింది.

సోమవారం యజమాని స్వయంగా పీపా మూత తీసి చూపించాడు. "చూడండి, ఆసుపత్రిలా ఉంచుతాం." వచ్చినవాళ్ళు తలలూపారు. వచ్చే నెల నుంచి సరుకు తీసుకుంటామన్నారు. ఆమె మాపు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది. ఎవరో తనని మెచ్చుకుని చాలా కాలమైంది.

మంగళవారం మేత వేస్తే చేపలు ఎగబడలేదు. నీటి పైకి నోళ్ళు పెట్టి గాలి తాగుతున్నాయి. మరిది చిన్న గాజు గొట్టంలో నీళ్ళు తీసి, నీటిని పరీక్షించే మందు చుక్కలు వేశాడు. పసుపు రంగులో ఉండాల్సిన నీళ్ళు చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. పంపులు చూశాడు, గాలి గొట్టాలు చూశాడు, మేత బస్తా వాసన చూశాడు. ఆఖరున పీపా మూత ఎత్తాడు.

లోపల చక్రాలు పళ్ళలా తెల్లగా ఉన్నాయి.

"వదినా, వీటిని కడిగారా?"

"కడగక మరి? మూడేళ్ళ మురికి, మరిదీ. నడుం పడిపోయిందనుకో."

అతను మూత కింద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

"ఏమైంది? ఇంకా ఎక్కడన్నా మిగిలిందా?"

"ఏం మిగల్లేదు వదినా."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆ జిగురు మురికి కాదు. అదంతా ప్రాణం ఉన్న సూక్ష్మజీవులు. చేపలు వదిలే విషాన్ని తిని మొక్కలకు ఎరువుగా మార్చేది అదే. అది లేకపోతే చేపలు తమ విషంలో తామే ఉడుకుతాయి.

"కొనుక్కురాలేమా దాన్ని?"

"పెరగాలి. నలభై రోజులు పడుతుంది."

"ఈలోపు చేపలు?"

అతను లేచి మేత బస్తా మూతి కట్టేశాడు.

యజమాని వచ్చి ఎవరి పని అని అడిగాడు. "నేను చెప్పి వెళ్ళాల్సింది సార్, తప్పు నాదే" అన్నాడు మరిది. ఆమె మాపు వదల్లేదు. "ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కడిగింది నేను." యజమాని ఆమె వంక చూసి, తెరిచి ఉన్న పీపా వంక చూశాడు. సోమవారం మూత తీసి చూపించింది తనే.

మేత ఆపేశారు. కొళాయి నీళ్ళలో క్రిముల్ని చంపే మందు ఉంటుంది కాబట్టి వాటిని డ్రమ్ముల్లో ఒకరోజు నిలవ ఉంచి, అప్పుడు తొట్లలో నీళ్ళు మార్చాలి. ఉన్నవి ఆరు డ్రమ్ములు. ఎనిమిది తొట్లకు అవి సముద్రంలో కాకిరెట్ట. ఆమె బకెట్లతో మోసింది. నాచు గొట్టాల దగ్గర దీపాలు రోజంతా వెలిగించారు. నాచు కొంత విషం తాగింది, కొంతే. రెండోవారంలో చేపల ఊపిరి నిలబెట్టడానికి ఉప్పు వేశారు. ఆ ఉప్పుకు లెట్యూస్ అంచులు మాడి, నాలుగు అరలూ వాడిపోయాయి.

"కొరివితో తల గోక్కున్నట్టయింది మరిదీ. గోకింది నేను, కాలింది నీకు" అంది ఆమె బకెట్ దింపుతూ.

"ఊరుకోండి వదినా. ఎత్తండి, ఇంకో రెండు తొట్లున్నాయి."

ఆమెకు కొత్త పని చచ్చిన చేపల్ని వలతో ఎత్తడం. మొదటి వారం ఆరువందలు ఎత్తింది. రెండో వారంలో అంతకు రెట్టింపు. చెల్లెలు నిష్ఠూరంగా ఒక్క మాటా అనలేదు. మామూలుగానే ఫోన్ చేసి ఏం వండావని అడుగుతోంది. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

ఇంకో సంగతి మరిది ఆలస్యంగా చెప్పాడు. ఆ జిగురు పెరగాలన్నా చేపలే ఉండాలి. వాటి విషమే దానికి తిండి. చేపలు తగ్గేకొద్దీ అదీ పెరగదు.

అప్పటినుంచి ఆమె ఉదయం రాగానే చెప్పులు విప్పి, చేతులు సబ్బు లేకుండా కడుక్కుని, మొదటి పీపా మూత తీస్తుంది. ఒక చక్రం తీసి సందులో వేలు తిప్పి చూస్తుంది. ఇరవై ఆరో రోజు కూడా చూసింది. వేలికి ఏమీ అంటలేదు. చక్రం శుభ్రంగా ఉంది.

రెండువేల నాలుగువందల చేపల్లో ఆ రోజుకు మిగిలినవి పదకొండు.