కృష్ణానగర్‌లో విత్‌డ్రాయల్ పాఠం

1993 వేసవిలో నేను పదాతిదళం నుంచి సుబేదారుగా రిటైరై హైదరాబాదు చేరాను. చివరి పోస్టింగు రెజిమెంటు శిక్షణ కేంద్రంలో. కొత్త జవాన్లకు ఆయుధం లేకుండా పోరాడడం నేర్పే విభాగం నా చేతి కింద ఉండేది. యూనిఫాం విప్పిన కొన్నాళ్ళకే రెండో పోస్టింగు దొరికింది. కృష్ణానగర్‌లో ఒక డాన్సు రిహార్సల్ హాలు. నాకు అప్పగించిన దళం, సినిమా పాటల్లో హీరోయిన్ వెనక వరసల్లో ఆడే అమ్మాయిలు.

పిలిచింది రాజ్యం మాస్టరు గారు. తెనాలి ఆవిడ. మద్రాసులో గ్రూపు డాన్సరుగా చేసి, పరిశ్రమతోపాటు ఇటు వచ్చి డాన్సు మాస్టరయ్యారు. షూటింగు వ్యాను పెద్దరోడ్డు మీద దించేసి పోతుందనీ, అక్కణ్ణుంచి గదులకు నడిచే సందుల్లో ఆకతాయిలు అమ్మాయిల వెంటపడుతున్నారనీ, మేనేజర్లమని చెప్పుకు తిరిగేవాళ్ళ బెడద అంతకన్నా ఎక్కువనీ చెప్పి, వాళ్ళకు తమను కాపాడుకోవడం నేర్పమన్నారు.

మా పద్ధతిలో ప్రతి పాఠానికీ ఒక వరస ఉంటుంది. ఇన్‌స్ట్రక్టరు ముందు చేసి చూపిస్తాడు, తరవాత విడివిడిగా వివరిస్తాడు, ఆపైన చేయించి తప్పులు దిద్దుతాడు. అదే వరసలో మొదలుపెట్టాను. "సావధాన్" అనగానే మడమలన్నీ ఒక్కసారి కలిసిన చప్పుడు రావాలి. ఇక్కడ గాజుల చప్పుడు వచ్చింది.

పిడికిలి పాఠం ఇంకా కష్టమైంది. ఎంత జోరుగా విసిరినా ఆ పిడికిలి ఎదుటి చెంపకు జానెడు దూరంలో ఆగిపోయేది. ఎదుటి అమ్మాయి మాత్రం దెబ్బ తిన్నట్టే మెలి తిరిగి నేల మీద పడేది. పడ్డాక జుట్టు సవరించుకునేది. కెమెరా ముందు అదే సరైన పద్ధతి గనక వాళ్ళ తప్పేమీ లేదు. మణికట్టు పట్టు విడిపించుకోవడం చూపించాను. పట్టుకున్నవాడి బొటనవేలికీ తక్కిన వేళ్ళకీ మధ్య ఉండే సందు వైపు చెయ్యి తిప్పి లాగాలి. పట్టులో బలహీనమైన చోటు అదే. లాగడం వెంటనే వచ్చేసింది. లాగాక గిర్రున ఒక చుట్టు తిరిగి, చిరునవ్వుతో నిలబడడం మాన్పించడానికి చాలా రోజులు పట్టింది.

రాజ్యం గారు మూల కుర్చీలోంచి అలవాటుగా "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అనేవారు. ఆ లెక్క పడితేగాని ఎవరి చెయ్యీ లేచేది కాదు. దాడి చేసేవాడు తాళం చూసుకుని రాడని నేను చెప్పాను. మరి మీ మెడలో ఈల సంగతేమిటి, అది వింటేనేగా మీవాళ్ళు కదిలేది అని ఆవిడ అడిగారు. ఈల జేబులో పెట్టుకున్నాను.

వీళ్ళందరిలో యాదమ్మ వేరు. పుట్టి పెరిగింది రహమత్‌నగర్‌లోనే. ఆమె పిడికిలి జానెడు దూరంలో ఆగేది కాదు, ఆ సంగతి నా భుజానికి తెలుసు. ఆమెకు జత భీమవరం నుంచి వచ్చిన విజయ. మాట తక్కువ, కన్ను చురుకు.

శిక్షణ చివర పరీక్షగా సైన్యంలో ఒక నకిలీ దాడి ఏర్పాటు చేస్తాం. నేనూ మొహానికి తువ్వాలు చుట్టుకుని, పట్టపగలు హాలు పక్క సందు మొగలో నిలబడ్డాను. యాదమ్మ మోకాలి మీద తన్నింది. పడ్డాను. ఆమె రెండోది కూడా తన్నింది. విజయ వచ్చి ఒకటి వేసింది. తక్కినవాళ్ళు మా వంతు ఏదన్నట్టు చుట్టూ చేరారు. ఎదురింటి మిద్దె మీద జనం పోగయ్యారు. నేను లేచి, దళం గెలిచిందని ప్రకటించబోయాను.

"మిమ్మల్ని పడగొట్టడం బాగానే ఉందండీ సుబేదారు గారూ" అన్నారు రాజ్యం గారు. "కానీ మీ వెనక ఇంకో ఇద్దరుంటే? అందరూ ఇక్కడే నిలబడిపోయారు. మరి ఇంటికెప్పుడు పోతారు?"

కుంటుకుంటూ ఇంటికి వెళ్ళి ఆ మాటే ఆలోచించాను. సైన్యంలో ఏ పనికైనా ముందు లక్ష్యం ఒక్క వాక్యంలో చెప్పాలి. జవాను లక్ష్యం ఎదుటి గుట్టను పట్టుకోవడం. ఈ అమ్మాయిలకు గుట్ట అక్కర్లేదు. జూబ్లీహిల్స్‌లో గుట్టలన్నీ అప్పటికే ఎవరో ఒకరు పట్టుకున్నారు కూడా.

మా సిలబస్‌లో విత్‌డ్రాయల్ అని ఒక పాఠం ఉంది. శత్రువుకు చిక్కకుండా క్రమంగా వెనక్కి రావడం. దారి ముందే చూసిపెట్టుకోవాలి, దాన్ని రెక్కీ అంటాం. ఒకరు కదిలేటప్పుడు జతలో రెండోవారు కాపు కాయాలి. ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవాలి. ఏ జవానుకూ ఈ పాఠం నచ్చదు. అదే బయటికి తీశాను. ఏ ఆఫీసుకు పిలిచినా ఒంటరిగా వెళ్ళకూడదు. లోపలికి అడుగుపెట్టగానే తలుపు ఎటు తెరుచుకుంటుందో, గడియ ఎక్కడుందో చూడాలి. ఒకరు గడప దగ్గరే ఉండాలి. గొంతు కడుపులోంచి రావాలి. దెబ్బ దారి చేసుకోవడానికి మాత్రమే. దారి దొరికాక ఆగకూడదు. కలుసుకునే చోటు పెద్దరోడ్డు మీది ఇరానీ హోటలు.

యాదమ్మ మొహం మాడ్చుకుంది. ఉరికేదానికి గింత ట్రైనింగ్ ఎందుకని అడిగింది.

ఆ వానాకాలంలో ప్రొడక్షన్ మేనేజరునని ఒకతను యాదమ్మను కలిశాడు. పాటలో ముందు వరసలో వేస్తామనీ, డ్రెస్సు కొలతలకు మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో గెస్టుహౌసుకు రమ్మనీ చెప్పాడు. ముందు వరస అంటే ఆ అమ్మాయిలకు చిన్న విషయం కాదు. విజయను తీసుకుని వెళ్ళింది. అతను విజయను వరండాలో కూర్చోమన్నాడు. విజయ సరేనని, గడప దగ్గరికి వచ్చి నిలబడింది. గదిలో టైలరు లేడు, టేపు లేదు. టైలరేడని యాదమ్మ అడిగితే అతను నవ్వి, తలుపు మూయబోయాడు. తలుపు పడలేదు. అవతల విజయ భుజం ఆనించి ఉంది. అతను వెనక్కి తిరిగి యాదమ్మ మణికట్టు పట్టుకున్నాడు. ఆమె బొటనవేలి వైపు తిప్పి లాగేసుకుంది. విజయ గడప దగ్గర్నుంచి యాదమ్మ పేరు పెట్టి అరిచిన అరుపుకు పక్క బంగళా వాచ్‌మన్ గేటు దాకా వచ్చాడు. ఆ మేనేజరు బెదిరి ఆగిన ఆ ఒక్క క్షణంలో ఇద్దరూ బయటపడి, వాలు దిగి, ఇరానీ హోటలు చేరారు. అక్కడ కూర్చున్నాకే టీ చెప్పారట. సాసరు విజయ పట్టుకుంటే యాదమ్మ తాగింది.

మర్నాడు పొద్దున హాల్లో ఇదంతా ఆమే నాకు చెప్పింది. కొట్టావా అని అడిగాను. కొట్టి ఉంటుందనే ఆశపడ్డానని ఒప్పుకోవాలి.

"కొట్టలే సార్. చేతులైతే గుంజినయి. కానీ విజయ తలుపు కాడుండె. నేను ఆగితే అది గూడ ఆగాలె. అందుకే వచ్చేసిన."

జవాన్లకు ఆ పాఠం అంత క్లుప్తంగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. రాజ్యం గారు ఇద్దర్నీ తీసుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చారు. అతను ఏ కంపెనీ మనిషీ కాదని తేలింది. తక్కిన డాన్సు మాస్టర్లందరికీ ఆవిడే కబురు చేశారు. గెస్టుహౌసు ఖాళీ చేసి పోయాడు, మళ్ళీ ఆ చుట్టుపక్కల కనబడలేదు.

సైన్యం పాఠం బయటివాళ్ళకు పనికిరావాలంటే ముందు దాని లక్ష్యం మార్చాలి, తరవాత వరస మార్చాలి. ఆ తరవాత కాలేజీల్లో, బంజారాహిల్స్ ఆఫీసుల్లో చాలా చోట్ల నేర్పాను. ప్రతిచోటా మొదటి రోజు తలుపులూ దారులూ చూపించేవాణ్ణి. అందరూ అడిగే పిడికిలిని రెండో వారానికి వాయిదా వేసేవాణ్ణి.