అమ్మ మొక్కిన జుట్టు

కాలివేళ్ల మీద నిలబడి బతుకుతానని పద్నాలుగేళ్లప్పుడు గట్టిగా నమ్మాను. లాల్‌దర్వాజాలో మా ఇంటి వెనక బర్రెల కొట్టం ఉండేది. అందులో అడ్డంగా కట్టిన వెదురుబొంగు పట్టుకుని రోజూ పొద్దున బ్యాలే సాధన చేసేదాన్ని. అమ్మ పాలు పిండుతూ నా కాళ్లనే చూసేది. పాలకు వచ్చిన పక్కింటి అత్త మాత్రం, ఈ పోరి మనిషా కొంగా అని ఆటపట్టించేది. ఆవిడ నోటికి జడిసేదాన్ని కాదు నేను. నా భయాలు వేరే ఉన్నాయి.

ఈ పిచ్చి అంటించింది బాపు. ఆయన సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. అక్కడ మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు భార్య, వాళ్ల దేశంలో బ్యాలే ఆడిన మనిషి, ఆదివారాలు ఫ్యాక్టరీ క్లబ్బులో పిల్లలకు నేర్పేది. బాపు నన్నూ చేర్చాడు. నాలుగేళ్లయ్యాక ఆమె నా ఫొటోలు తమ దేశంలోని బ్యాలే బడికి పంపింది. అక్కడ చదివితే పెద్ద నాటకశాలల్లో ఉద్యోగమట, నెలనెలా జీతమట. ఆటకు జీతమేందని మా గల్లీ అంతా నోరెళ్లబెట్టింది.

జవాబు వచ్చింది. వాళ్ల బృందం ప్రదర్శనకు హైదరాబాదు వస్తుందని, అప్పుడు ఇద్దరు టీచర్లు నన్ను చూసి తేలుస్తారని. బాపు చదివి చెబుతుంటే అమ్మ చెవిన పడింది ఒక్కటే, పిలుపు వచ్చిందని. పిలుపు వస్తే నా జుట్టు ఇస్తానని ఆమె యాదగిరిగుట్ట స్వామికి మొక్కుకుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంకా ఖాయం కాలేదు కదా, ఆగుదామని బాపు నచ్చజెప్పాడు. అమ్మ వింటేనా! మొక్కు ఆలస్యం చేస్తే వచ్చిన పిలుపు వెనక్కి పోతుందని మొండికేసింది. ఆ శనివారమే గుట్ట మీద, నడుము దాకా ఉన్న నా జడ పోయింది. నేనూ ఎదురు చెప్పలేదు.

క్లబ్బులో నేర్పే టీచరమ్మ నా గుండు చూసి నవ్వేసింది. వాళ్లు చూసేది కాళ్లను, జుట్టును కాదని వచ్చీరాని హిందీలో చెప్పింది. తెల్ల రుమాలు తెచ్చి నా తలకు తానే కట్టి, అద్దం ముందు నిలబెట్టింది. నిజం చెప్పాలంటే, బాగానే ఉంది.

అసలు సంగతి వేరే. కుడికాలి వేళ్ల మీద వరుసగా తిరిగేటప్పుడు నాలుగో చుట్టుకు నేను తూలేదాన్ని. కొట్టంలో నెల రోజులు కిందామీదా పడ్డా కుదరలేదు. టీచరమ్మ దానికి ఫికర్ చెయ్యొద్దంది. నాకు మాత్రం ఆ ఇద్దరి ముందు పడిపోతానని, పనికిరావు పొమ్మంటారని ఒకటే భయం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఇద్దరూ నన్ను చూసే రోజున బాపు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆటో తెచ్చాడు. నేను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను.

"గుండుతోని నేను రాను బాపూ. అందరు నవ్వుతరు," అన్నాను.

బాపు బతిమాలాడు, తిట్టాడు, చివరికి చెయ్యి కూడా ఎత్తాడు. అమ్మ తన కొంగుతో నా తల కప్పి పక్కన కూర్చుంది. టీచరమ్మ మధ్యాహ్నం దాకా క్లబ్బు గేటు దగ్గరే నిలబడి ఎదురుచూసిందని తర్వాత తెలిసింది. ఎంత పిరికిదాన్ని!

బృందం వెళ్లిపోయింది. ఏడాది తిరక్కుండా ఇంజనీరు కుటుంబమూ వెళ్లింది. నేను టైపు నేర్చుకుని ఆఫీసులో చేరాను. నా జుట్టు మళ్లీ నడుము దాకా పెరిగింది. అమ్మ మాత్రం ఆ తర్వాత దేనికీ మొక్కుకోలేదు. బోనాలకు గల్లీ ఆడవాళ్లంతా అమ్మవారికి ఏదో ఒకటి మొక్కుకుంటుంటే, ఆమె ఊరికే దండం పెట్టి వచ్చేసేది. బాపు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా మొక్కలేదు.

ఎనభైలలో నా పెళ్లినాటి పొద్దున, నా జడ అల్లుతూ అడిగింది.

"నా మొక్కే గద బిడ్డా, నీ ఆటను మింగింది?"

అప్పుడైనా చెప్పాల్సింది. నాలుగో చుట్టు గురించి, నా భయం గురించి. గుండు నాకు దొరికిన సాకు అని. నోటి దాకా వచ్చింది కూడా.

"పోనీ తియ్యమ్మా. నేనెప్పుడో మర్సిపోయిన," అన్నాను.

అమ్మ కళ్లు తుడుచుకుని నాకు మెటికలు విరిచింది. ఏ తప్పూ చెయ్యని మనిషిని నేను క్షమించాను. ఆమె దానికే పొంగిపోయింది.