అడ్డంగా పెట్టిన సుత్తి

మా వీధి కమ్మరి అన్నదమ్ముల్లో పెద్దాయనకు చురక అని పేరు. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు లెండి, ఉన్న పళ్ల మీద ఆశ ఎవరికుండదు? కోపం ఎప్పుడూ ముక్కు మీదే. నోరు తెరిచేలోపు చెయ్యి లేచేది. గేటు కమ్మీ వంకరగా ఉందన్న పాపానికి ఒక తాపీమేస్త్రీని చొక్కా పట్టుకుని మురిక్కాలువలోకి తోశాడు. దెబ్బకు దెయ్యం జడుస్తుందన్నది ఆయనకు తెలిసిన ఒకే ఒక్క నీతి. పనంతా తండ్రి చేతి దెబ్బలు తిని నేర్చుకున్నాడు. తమ్ముడికీ అలాగే, తన్ని నేర్పాడు.

వాళ్ల కొలిమిలో మాటలుండవు, మోతలో వినపడవు గనక. ఎర్రగా కాలిన ఇనుమును అన్న పట్టకారుతో దాగలి దిమ్మ మీద పట్టుకుని, రెండో చేత్తో చిన్న సుత్తితో ఒక చోట టక్కుమనిపిస్తాడు. సరిగ్గా అక్కడే తమ్ముడి పెద్ద సమ్మెట దిగాలి. సుత్తిని దాగలి మీద అడ్డంగా పడుకోబెడితే ఆపమని. సమ్మెట గాల్లో ఉన్నా సరే, ఆగాలి. తండ్రి పెట్టిన పద్ధతి అది. తమ్ముడికి ఎముకల్లోకి ఇంకిపోయింది. ఆ గుర్తు కంటబడితే చాలు, అనుకోకుండానే చేతులు ఆగిపోయేవి.

ఒక రోజు గొడ్డలి అంచు పగిలింది. తప్పెవరిదో ఆ కొలిమికే తెలియాలి. అన్న పట్టకారు తిరగేసి తమ్ముణ్ణి భుజమనీ వీపనీ చూడకుండా బాదాడు. తమ్ముడు ఎదురు తిరగలేదు. నేల మీద నుంచి చెయ్యి చాచి, అన్న సుత్తినే అందుకుని దాగలి మీద అడ్డంగా పెట్టాడు. ఇక చాలని. చురక అది చూశాడు, చూసి నవ్వాడు. ఆ గుర్తు పెట్టే హక్కు తనదేనని చెప్పి ఇంకో నాలుగు వడ్డించాడు. ఛీ, కొట్టినందుకు కాదు, ఆ నవ్వు తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ భుజం సరిగా మానలేదు. వారం తిరక్కుండానే సమ్మెట గురి తప్పి దాగలి అంచు మీద పడింది. అప్పుడే తమ్ముడి భార్య అన్నం గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. ఆమె చూస్తుండగానే చురక తమ్ముడి చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం దాకా కారింది. గిన్నె కింద పడి అన్నమంతా మసిపాలైంది.

సాధువు రేగితే పట్టపగ్గాలుండవంటారు. తమ్ముడు అన్న గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. కనుబొమ్మ చీలింది. చురక మోకాలితో పొడిచాడు, చేతిని కొరికాడు, బొగ్గుల మీద ఇద్దరూ పడి దొర్లారు. చొక్కా కాలిన కంపు. చివరికి తమ్ముడు అన్నను జుట్టు పట్టి లేపి, తలను దాగలి మీదకు వంచి మెడ మీద కాలు వేశాడు. రెండు చేతులా సమ్మెట ఎత్తాడు.

చురకకు ఊపిరాడటం లేదు, చావు కళ్ల ముందు ఉంది. తడుముతున్న చేతికి సుత్తి తగిలింది. దాన్ని తల పక్కన అడ్డంగా పెట్టాడు.

సమ్మెట గాల్లోనే ఆగిపోయింది.

తమ్ముడు వగరుస్తూ తన చేతుల వంక చూసుకున్నాడు. సమ్మెటను మూలకు విసిరి ఒక్కటే మాట అన్నాడు: "నాకు ఆగడం వచ్చన్నా. నీకే రాలేదు."

ఆ మాటే సమ్మెటలా చురక తల మీద పడినట్టయింది. తమ్ముడు మళ్లీ కొలిమికి రాలేదు, తర్వాతి రోజుల్లో ఆయన ఒక్కడే ఇనుము కాల్చాడు. ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో కొడితే వంగేది కాదు, చల్లారిపోయేది. తమ్ముడు వేరే ఊరి కొలిమిలో చేరబోతున్నాడని తెలిసింది. ఉన్న ఒక్క తోడూ పోతోంది. చురక సుత్తి పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, గుమ్మంలో అడ్డంగా పెట్టి తలొంచుకుని నిలబడ్డాడు.

మరదలు తలుపు తీసింది. సుత్తిని చూసింది.

"ఈ గుర్తులు నాకు తెలియవు బావగారూ. నోటితో చెప్పండి."

చురక తలెత్తాడు. "తప్పు నాదేనమ్మా. ఇంకెప్పుడూ వాడి మీద చెయ్యెత్తను."

తమ్ముడు బయటికి వచ్చి సుత్తి తీసుకున్నాడు. ఇకమీదట అది తన దగ్గరే ఉంటుందని, సమ్మెట అన్నే ఎత్తాలని అన్నాడు. చురక ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు?

ఆ వయసులో సమ్మెటంటే మాటలా? ఒక మధ్యాహ్నం ఆయన దెబ్బ గురి తప్పి, మంచి కొడవలి పాడైంది. తమ్ముడి చేతిలో పట్టకారు లేచింది. చురక సమ్మెట వదిలేసి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఆయన కన్నా బాగా ఎవరికి తెలుసు? తండ్రి చెయ్యి, తన చెయ్యి, ఇప్పుడిది.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే, తమ్ముడు తన చేతిలోని సుత్తిని తనే దాగలి మీద అడ్డంగా పెట్టుకుని, దాని వంకే చూస్తున్నాడు.

కాసేపటికి ఇద్దరూ కలిసి ఆ ఇనుమును మళ్లీ కొలిమిలో పెట్టారు.